మడ అడవికి పెట్టుబడి వెతుకుతూ

హైదరాబాదులో ఆఖరి బ్యాంకు కూడా కాదు పొమ్మంది. మర్నాడు పొద్దున్నే భూపాలపల్లికి బయల్దేరాను. మాది కాకినాడ అవతల సముద్రపు పల్లె. మడ అడవిలో కట్టెలు కొట్టి అమ్ముకుని బతికే ఆడవాళ్లం అది మానేసి, కొత్త మొక్కలు నాటి, ఆ చెట్ల మధ్యే వలకంచెలు కట్టి పీతలు పెంచుతున్నాం. ఈ ఏడు పీతపిల్లలు కొనడానికి పెట్టుబడి లేదు. దొరక్కపోతే మావాళ్లు మళ్లీ కట్టెకు పోవాల్సిందే. బ్యాంకువాళ్లకేమో తుఫాను పేరెత్తితేనే చలిజ్వరం! మా ఆయనతో ఐటీఐ చదివిన సమ్మన్న భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేస్తాడు. "రా చెల్లె, చూద్దాం" అని ఫోనులో అన్నాడు.

జనగామలో రైలు ఆగిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం జనం పట్టాల మీదే కూర్చుని వంటలు చేసుకుంటున్నారు. బస్సులు కూడా సమ్మెలో ఉన్నాయి. స్టేషను బయట చల్లారిన ఇడ్లీ తిని హనుమకొండ జీపెక్కాను. జీపువాడు బస్సు టికెట్టుకు రెండింతలు గుంజాడు. అటు వెళ్లేవాళ్లు నీళ్లు వెంట ఉంచుకోండి, దారిలో దుకాణాలన్నీ బంద్.

జీపులో పక్కన కూర్చున్న పాలకుర్తి అవ్వ నా మాట విని, "ఆంధ్రదానివా బిడ్డా? గింత లొల్లిల ఏం పనిమీదొచ్చినవ్?" అంది. చెప్పాను. "ఉప్పునీళ్లల్ల చెట్లు బతుకుతయా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నవ్ గదా!" అని నవ్వి, ఓ సీతాఫలం నా చేతిలో పెట్టింది. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

హనుమకొండలో జీపు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. గనులూ సమ్మెలోనే ఉన్నాయి. సమ్మన్న భార్య రాజక్క అన్నం, పచ్చిపులుసు పెట్టింది. జీతం రాని ఇల్లని మారు వడ్డించుకోలేదు.

తర్వాత ఇద్దరూ నన్ను ఓపెన్‌కాస్టు గని గట్టు మీదికి తీసుకెళ్లారు. కింద ఊళ్లకు ఊళ్లు పట్టేంత గుంత. "గా నడుమ మా ఇల్లుండె చెల్లె. గిప్పుడు గాలి తప్ప ఏం లేదు" అన్నాడు సమ్మన్న. ఆ ఊరు పోయినందుకు వచ్చిన పరిహారమే మాకు పెడదామనుకున్నాడట. ముందే తెలిస్తే ఆ గడప తొక్కేదాన్నే కాదు.

"మీ చెట్లుంటే మీ ఊరుంటదా వదినె?" రాజక్క అడిగింది.

"ఉప్పెనొస్తే అవే అడ్డం నిలబడతాయి వదినా. ఊరు మిగులుతుంది."

"మరి పీతలు?"

"కొట్టుకుపోతాయి."

"అంటే మా పైసలు?"

"అవీ పోతాయి."

రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జర అబద్ధమన్న చెప్పరాదు వదినె! ఇచ్చేసేదాన్ని. మా ఊరు తవ్వితే వచ్చిన పైసలివి. ఇవి గూడ పోతే మాకొక ఊరుండెనని చెప్పుకునేందుకు ఏం మిగుల్తది?"

సమ్మన్న తల దించుకున్నాడు. నేనే "ఉంచుకోండి వదినా" అన్నాను. ఏడుపొచ్చింది, ఆమెకూ నాకూ.

మర్నాడు ఆటోలు, జీపులు మారుతూ మహబూబాబాద్ వచ్చి పడ్డాను. అక్కణ్నుంచి మావైపు రైలు నడుస్తోంది. ఈ తిరుగుడంతటిలో నన్ను పరాయిదానిలా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పెట్టుబడి మాత్రం దొరకలేదు. ప్లాట్‌ఫారం మీద ఉండగా మా సంఘంలో సత్యవతి ఫోను చేసింది.

"ఏమైందే? రేపట్నుంచి కట్టెకు పొమ్మంటావా?"

"పొండి. లేత చెట్ల జోలికి మాత్రం పోకండి" అన్నాను.

"పెద్దవన్నీ ఎప్పుడో కొట్టేశాం కదే. ఇప్పుడున్నవన్నీ మనం నాటినవే" అంది.