మూడో కప్పు

నా చిన్నప్పుడు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసిందన్న కబురు మాకు మొదట తెచ్చింది మా హబెషా అక్క. ఆమెది ఇథియోపియా. తన జనాన్ని హబెషా అని గర్వంగా చెప్పుకునేది కనుక మేమూ అలాగే పిలిచేవాళ్లం. కువైట్‌లోని జాబ్రియాలో మా నాయన డ్రైవరుగా చేసే ఇంట్లోనే ఆమె వంట చేసేది. ఆ ఇంటి వెనక గదిలో మేముండేవాళ్లం. యజమాని కుటుంబం వేసవికి వేరే దేశం వెళ్లింది. ఆ ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని ఆమె పిలిచేది. సైన్యం వచ్చిన తెల్లవారుజామున ఆమె చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో, "మామా లేదు, బాబా లేడు, వీధిలో ట్యాంకు" అంది.

నేను బడికి పోలేదు. ఖురాన్ చదవడం, తెలుగు రాయడం మా అమ్మే ఇంట్లో నేర్పింది. ఆ అక్క నేర్పింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

కొన్ని వారాలకు జోర్డాన్ దాకా వెళ్లే బస్సు దొరికింది. నాయన సెలవు నుంచి అప్పుడే తిరిగి రావడం వల్ల మా పాస్‌పోర్టులు మా దగ్గరే ఉండిపోయాయి. పనివాళ్ల పాస్‌పోర్టులు కఫీల్, అంటే యజమాని, తన దగ్గరే పెట్టుకునేవాడు. అక్కది ఆయన ఆఫీసులో ఉండేది. ఆ ఆఫీసు కాలిపోయింది. ఆమెను కూడా ఎక్కించుకోమని నాయన బస్సువాణ్ణి రెండు రోజులు బతిమాలాడు. కాగితం లేని మనిషి ఉంటే సరిహద్దులో అందరినీ దించేస్తారని అతను ఒప్పుకోలేదు.

బయలుదేరే పొద్దున అక్క మమ్మల్ని వంటింట్లోకి పిలిచింది. తెల్లటి నూలు వస్త్రం భుజాల మీద కప్పుకుని, నేల మీద తోటలోని పచ్చగడ్డి పరిచింది. పచ్చి కాఫీ గింజలు వేయించి, ఆ పొగ ఒక్కొక్కరి ముఖం దగ్గరకు తెచ్చింది. తర్వాత దంచి, నల్లటి మట్టికూజాలో కాచింది. ఒకే పొడిలో నీళ్లు పోస్తూ మూడుసార్లు కాయడం వాళ్ల ఆచారం. మూడోది పలచగా ఉంటుంది, కానీ దీవెన దానిలోనే ఉందంటారు. అది తాగకుండా అతిథి లేవకూడదు.

"బస్సుకు పోయే పొద్దు ఇంత పని ఎందుకు పెట్టుకున్యావు మే?" అంది మా అమ్మ.

"షువయ్, షువయ్" అని నవ్వింది అక్క. నిదానం, నిదానం అని.

నా చెల్లెలు ఆమె కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు అక్క లేచి నిలబడింది. వాళ్ల నాట్యమంతా భుజాల్లోనే ఉంటుంది. వాళ్ల ఊళ్లో అయితే డోలు మోగుతుంది, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కేకలు వేస్తారు. మా వీధి బడిలో సైనికులు దిగి ఉన్నారు కాబట్టి ఆమె పెదవుల లోపలే పాట తీసింది. పాదాలు నేలకు అతికించినట్టు ఉన్నాయి. భుజాలు మాత్రం నీళ్లలా కదిలాయి. మెడ ముందుకీ వెనక్కీ ఆడింది.

"కోడిపెట్ట మాదిరి ఉండావు అక్కా" అని చెల్లెలు ఏడుపులోనే నవ్వింది.

"నువ్వు కోడిపిల్ల. రా."

ముగ్గురం ఆడాం. రేడియోలో పాట వస్తేనే కట్టేసే మా అమ్మ, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండో కప్పు చేతిలో ఉండగా హారన్ వినిపించింది. కూజా మూడోసారి పొయ్యి మీద ఉంది. "లేయండి, వాడు నిలబడడు" అన్నాడు నాయన గుమ్మంలోంచి. అమ్మ కూజా వైపు చూసింది, వాకిలి వైపు చూసింది. మేము లేచాం. అక్క ఆపలేదు. "యల్లా, పోండి. మీ కప్పులు నేను ఉంచుతా" అంది.

గేటు దగ్గర వెనక్కి చూశాను. గుమ్మంలో పాదాలు కదపకుండా నిలబడి, చెల్లెలి కోసం మళ్లీ భుజాలు ఆడిస్తోంది. మేమిద్దరం బస్సు మెట్ల మీదే ఆడి చూపించాం. ఆ భుజాలు ఆడుతున్నాయా, ఏడుస్తున్నాయా అన్న అనుమానం నాకు పెద్దయ్యాకే వచ్చింది. బస్సులో అమ్మ దువా చేసినప్పుడు ముందు ఆమెను తలచి, తర్వాతే మమ్మల్ని తలచింది.

యుద్ధం ముగిశాక నాయన తిరిగి వెళ్లి ఎంతో వెతికాడు. ఆ ఇల్లు ఖాళీగా ఉంది. ఆమె ఏమైందో చెప్పేవాళ్లు దొరకలేదు.

మమ్మల్ని క్షేమంగా ఇల్లు చేర్చిన అల్లాకు రోజూ షుక్రియా చెప్పుకుంటాను. తాను రాలేని ప్రయాణానికి మమ్మల్ని నవ్వుతూ సాగనంపిన మనిషిని ఇచ్చినందుకు మరోసారి చెప్పుకుంటాను. ఈనాటికీ ఎవరింటికి వెళ్లినా తొందరపడి లేవను. వాళ్లు ఇంకో కప్పు అంటే కాదనను. మీరూ ఎవరింట్లోనైనా కప్పు చేత పట్టుకున్నప్పుడు, మా హబెషా అక్కను ఒక్క క్షణం తలచుకోండి. ఎక్కడున్నా ఆమె దగ్గర ఎవరో ఒకరు మూడోది తాగేదాకా కూర్చోవాలని దేవుణ్ణి అడగండి.