చెట్లకు పూసిన సున్నం, జాజు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా ఊరి పైనున్న సర్కారు అడవిలో నరకడానికి విడగొట్టిన తునక, కూపు అంటారు దాన్ని, వేలంలో పోయింది. ఎవరో కంట్రాక్టరు పాడుకున్నాడు. రాజధాని పక్కకే వచ్చింది కాబట్టి ఇక మన మాట వింటారని మగవాళ్లు సంబరపడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అంతవరకూ మా గోడు విన్న నాథుడెవరు గనుక?

ఆ అడవిలో ఒక బుగ్గ ఉండేది. బావులు ఎండిపోతే ఊరంతా ఆ ఊటనీళ్లే తాగేది. దాని చుట్టూ పెద్ద పెద్ద మద్దిచెట్లు. అవి పోతే బుగ్గా పోతుందని మా అత్త బెంగ. మామ నలుగురిని వెంటబెట్టుకుని అడవి ఆఫీసరు దగ్గరికి పోయి వచ్చాడు.

"సర్కారు చెట్లతో మీకేం పని అని కసిరినాడు. ఇంగ ఊరుకోండి," అని మంచం వాల్చుకున్నాడు.

అత్త ఊరుకునే మనిషి కాదు. "దేవుని గోడ మీదికి ఎవుడన్నా గొడ్డలెత్తుతాడా?" అంది. మా వైపు గుడి గోడలకు తెల్లగా సున్నం, ఎర్రగా జాజుమట్టి పట్టెలు పట్టెలుగా పూస్తారు. ఆ పట్టెలు చూస్తే ఎంతటివాడైనా చెప్పులు విడుస్తాడు. చెట్లకూ అవే పూద్దామంది. చర్చి వీధి ఆడవాళ్లు కూడా కడవలెత్తుకుని వచ్చారు. "ఏ దేవుడైతే ఏమిలేమ్మా, నీళ్లు అందరివీ గదా," అన్నారు. చేతులు పొక్కేదాకా పూశాం. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

కోతకు కోస్తా నుంచి కూలీలను దింపారు. గొడ్డళ్ల చప్పుడు బుగ్గ వైపు నుంచే వినబడితే పరుగెత్తాం. పట్టెలు పూసిన చెట్లన్నీ నేల మీద ఉన్నాయి. మేం చెయ్యి పెట్టనివి నిలబడే ఉన్నాయి.

మేస్త్రీ మర్యాదస్తుడే. "మీరే గుర్తులేసి పెట్టారు కదమ్మా, మాకు సగం పని తప్పింది," అన్నాడు. కొట్టాల్సిన చెట్లకు సున్నపు పట్టె వేయడం కూపుల్లో వాడుకట. పట్టె ఉన్నదల్లా కొట్టమని కంట్రాక్టరు చెప్పి పంపాడు.

"అది దేవునికి పూసింది నాయనా," అంది అత్త.

అతను గొడ్డలి కింద పెట్టి, పడి ఉన్న మానుకు దండం పెట్టాడు. తిట్టడానికి నాకు మనిషే దొరకలేదు. నా బతుకులో అంత నిస్సహాయంగా ఎప్పుడూ ఏడవలేదు.

మిగిలిన చెట్లు కూడా ఆ కూపులోనే పోయాయి. తర్వాతి ఎండాకాలానికి బుగ్గలో బురదే మిగిలింది. నేనప్పుడు నిండు చూలాలిని. అత్త ఆ బురద తోడి, చీరకొంగులో వడగట్టి, చెంబెడు నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"తాగు మే. వాటిని నేనే కొట్టించినా," అంది.

ఎవరెంత చెప్పినా చచ్చేదాకా ఆ మాట మార్చుకోలేదు.