నాన్న సిద్ధపడిన నాలుగు నెలలు

పెట్టె నాలుగంగుళాలు పొట్టిదైంది. ఇదంతా అక్కడే మొదలైంది.

చనిపోయినాయన నాన్నకి స్నేహితుడు. ఇద్దరూ పోర్టులో క్రేను ఆపరేటర్లు, ఒకే ఏడు చేరినవాళ్ళు. ఇద్దరికీ యాభై దాటలేదు. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పుల కోసం వంగి, ఆ వంగినవాడు గుమ్మంలోనే ఒరిగిపోయాడట. ఆయన బాగా పొడగరి. ఏడుపుల హడావిడిలో ఎవరికీ కొలత తియ్యాలని తట్టలేదు. వన్ టౌన్లో మా సందు చివరి వడ్రంగి దగ్గర తయారుగా ఉన్న పెట్టె తెచ్చేశారు. తీరా పడుకోబెడితే కాళ్ళు పట్టలేదు. బూట్లు తీశారు. అయినా పట్టలేదు. మోకాళ్ళు కాస్త మడవమని ఎవరో అన్నారు. ఆయన భార్య చూస్తుండగానే నలుగురు మగవాళ్ళు ఆ మోకాళ్ళతో కుస్తీ పట్టారు. అందులో నాన్న ఒకడు. ఇంకో పెట్టె వచ్చేదాకా చర్చి అయ్యగారు, సంఘంవాళ్ళు, మేమూ ఎండలో నిలబడ్డాం.

ఆ వచ్చే గురువారం మధ్యాహ్నం అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళింది. నాన్నది ఉదయం షిఫ్టు, మూడింటికల్లా ఇల్లు చేరేవాడు. నేను కిటికీ దగ్గర డైరీ రాసుకుంటున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బీఏ అయింది, ఉద్యోగం లేదు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుంది, అందరికీ ఉద్యోగాలొస్తాయి అని ఊరంతా చెప్పుకునే రోజులు. నేను మాత్రం ఇంటికెవరైనా వస్తే వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఓడల ఏజెంటు ఆఫీసువాళ్ళు నాన్నకిచ్చిన పాత ఏడాది డైరీలే నేను వాడేవి. వాటిలో తేదీలు కలిసినా వారాలు కలిసేవి కావు.

నాన్న కుట్టుమిషను సొరుగులోంచి అమ్మ టేపు తీసి నా చేతికిచ్చాడు. చాప పరిచి వెల్లకిలా పడుకున్నాడు.

“కొల్సు.”

“ఏటి నాన్నా?”

“నన్నేనమ్మా. మడం కాడి నుంచి నడినెత్తి దాకా. ఓ అంగుళం ఎక్కువే రాయి గానీ తక్కువ రాయకు.”

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. మోకాళ్ళమీద కూర్చుని కొలిచాను. ఛాతీ దగ్గర టేపు ఊపిరికి లేచి పడుతోంది. అయిదడుగుల పదకొండు. డైరీలో ఆ వేళ నేను రాసుకున్న రెండు లైన్ల కింద నాన్న ఆరడుగులని రాయించాడు.

“మీ అమ్మకి సెప్పకు. కంగారు మనిషి.”

ఆ మీదట ప్రతి గురువారం నాన్న చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సబ్బవరం దగ్గర మా ఊరికి తీసుకుపోతామని చిన్నాన్నలు పేచీ పెడతారు, ఒప్పుకోవద్దు. ఇక్కడే, సమాధుల తోటలో, గోడవారన. కోటు వద్దు, తెల్ల చొక్కా చాలు. పాటలు రెండే.

“కోయిర్లో ఆ పెద్దాయన మూడోది ఎత్తుతాడు, సూస్తుండు. ఎత్తనీకండి. సరణాలన్నీ పాడితేగానీ ఒగ్గడు. అయ్యగారి వాక్యం పావుగంట. రాసావా? మా వోడికి గంట సెప్పారు. ఎండకి ఇంకో ఇద్దరు పడిపోయీవోరు.”

నాకు నవ్వొచ్చేది. నవ్వినందుకు మళ్ళీ ఒళ్ళు జలదరించేది.

విచిత్రమేమిటంటే నాన్న మారిపోయాడు. అంతకుముందు ఆయన కోపం వీధికంతా తెలుసు. ఇస్త్రీ కుదరలేదని చొక్కా వీధిలోకి విసిరిన మనిషి. అలాంటివాడు ఇప్పుడు తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఆరేళ్ళుగా మాట్లాడని ఒక చిన్నాన్నకి ఉత్తరం రాశాడు. జాలరిపేట దాకా నడిచివెళ్ళి, అమ్మకిష్టమని వంజరం చేప ముక్కలు తెచ్చేవాడు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని వీధిలోవాళ్ళని పిలిచి మరీ పలకరించేవాడు. ఒకసారి నా పక్కన కూర్చుని, “నాను పోయీవోడినే అనుకుంతే, ఎవుడి మీదా కోపం రాదే పాపా” అన్నాడు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఎంత బాగుందో అనుకున్నాను కూడా.

నన్నూ ఆ ఆలోచన వదల్లేదు. ఒక రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అదే చాప మీద చేతులు ఛాతీమీద పెట్టుకుని పడుకున్నాను. భయం వేస్తుందనుకున్నాను. దానికి బదులు ఇల్లంతా ఊడ్చి తుడిచినట్టు అనిపించింది. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, ఎవరి ఎదుటా నిలబడక్కర్లేదు. నాలాంటి దానికి అంతకన్నా సుఖమేముంది? అలా ఎంతసేపున్నానో తెలియదు. పాలు పొంగిన వాసనకి లేచాను. ఆ సుఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంచిగా అనిపించదు.

మూడో నెలలో ఒక గురువారం మాట మధ్యలో నాన్న ఆగిపోయాడు. కుడిచేత్తో గుండెల మధ్య అదుముకున్నాడు. నుదుటిమీద చెమట గింజలు గింజలుగా పట్టింది. ఎడమ చెయ్యి ఒళ్ళో అలా పడి ఉంది, వేరే ఎవరిదో అన్నట్టు. నేను లేవబోతే తల అడ్డంగా ఊపాడు. అయిదు నిమిషాలు. తర్వాత నీళ్ళు తాగి, “ఇది రాయకు” అన్నాడు.

“ఎప్పట్నుంచి?”

“మా వోడు పోయిన కాణ్ణుంచి. అప్పుడప్పుడు.”

“ఆసుపత్రికెల్దాం నాన్నా.”

“ఎల్తే మంచానికి కట్టీసి, క్రేను దింపీసి, మాత్తర్లు మింగిత్తారు. ఎందుకది? నాను సిద్దంగా ఉన్నాను.”

అప్పుడు నాకు ఆ మంచితనమంతా వేరేలా కనబడింది. ఆయన జబ్బు గురించి ఒక్క గురువారమూ ఆలోచించలేదు. చావు గురించే ఆలోచించాడు. చావులో పాటలు రెండా మూడా అన్నది ఆయన ఇష్టం. ఆసుపత్రిలో ఏదీ ఆయన ఇష్టం కాదు. ఇంత తెలిసీ నోరు విప్పలేకపోయాను. అమ్మకి చెప్పనని మాటిచ్చాను మరి. పైగా నాన్న ఎదుట కాదన్న అలవాటు నాకు లేదు.

ఆ తర్వాతి నాలుగు వారాలూ ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున్నే నాన్న క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాడు. ఆరింటి సైరన్ వినబడగానే ఇనప నిచ్చెన ఎక్కుతున్న ఆయన కాళ్ళు నాకు కనబడేవి. రెండింటి సైరన్ తర్వాత వీధి మలుపు మీదే చూపు. పోర్టు వైపు నుంచి సైకిలు మీద ఎవరు గబగబా వచ్చినా చేతిలో గిన్నె వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

అమ్మ మాత్రం సంతోషంగా ఉంది.

“మీ నాన్నని దేవుడు మార్సీసాడే. ఇరవై మూడేళ్ళు పార్దన సేసాను. వచ్చే ఆదివారం సంఘంలో సాక్ష్యం సెప్తాను” అంది. చెప్పబోయే మాటలు కూరగాయలు తరుగుతూ నాకు వినిపించింది. “నా బర్త కోపాన్ని తీసీసిన దేవుడికి స్తోత్రం...” అని మొదలుపెట్టి, “బాగుందేటే? మరీ ఎక్కువ సెప్తన్నానా?” అని అడిగింది. నేను వెల్లుల్లి ఒలుస్తూ తల దించుకున్నాను. అమ్మ అందరి ముందూ నిలబడి ఆ నొప్పికి స్తోత్రం చెప్పబోతోంది.

ఆ గురువారం నాన్న చాప మీద కూర్చుని “రాయి” అన్నాడు.

“రాయను.”

“ఏటీ?”

“నాను రాయను నాన్నా. ఆసుపత్రికెల్దాం.”

“మళ్ళీ అదే. సెప్పాను కదేటి, నాకు బయం లేదని.”

ఆ వారమంతా మనసులో అనుకున్నవేవీ నోటికి రాలేదు. వచ్చింది ఇదొక్కటే: “క్రేను కింద కలాసీలుంటారు కదా నాన్నా.”

నాన్న ముఖం చూశాను. ఆ సంగతి ఆయనకి నిజంగానే తట్టలేదు. పెట్టె, పాటలు, తెల్ల చొక్కా, అన్నీ తలుచుకున్నాడు. నొప్పి పైన కేబిన్లో వస్తే కొక్కేనికి వేలాడే బరువు కింద సరుకు దించే కూలీల్లో ఎవరిమీద పడుతుందో తలుచుకోలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసినవాడు.

తర్వాత ఆయన అరిచిన అరుపు పక్కింటి గోడ అవతలికి వినబడి ఉంటుంది. “నాకు పని నేర్పుతావే గుంటా? నాను ఏనాడైనా ఎవుడి మీదైనా పడేసానా?” నా డైరీ లాక్కుని గోడకేసి కొట్టాడు. పాత నాన్న. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, పారిపోలేదు. ఎందుకు పారిపోలేదో నాకే తెలియదు.

“ఏటా కేకలు, వీదంతా!” అంటూ అమ్మ గుమ్మంలో నిలబడింది, చంకలో బైబిలుతో.

“నాన్నకి గుండెల్లో నొప్పొస్తందమ్మా” అన్నాను. “నాలుగు నెలల్నుంచి.”

అమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. బైబిలు కుట్టుమిషను మీద పెట్టి, “చొక్కా ఏసుకోండి. పాపా, బేగి రిక్షా పిలు” అంది. వీధిలోకి పరుగెత్తి రిక్షావాణ్ణి కేకేసి పిలిచాను. వీధిలో నా గొంతు వినబడడం అదే మొదటిసారి.

పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులుంచారు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఇరుకైందని, ఇంకెప్పుడూ క్రేను ఎక్కకూడదని చెప్పారు. ఆ మొదటి రోజు మంచం పక్కన కూర్చుంటే, నాన్న నా మణికట్టు పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. చాప మీద పడుకుని జంకు లేకుండా తన కొలత తీయించుకున్న మనిషి.

పోర్టులోనే స్టోర్సులో కూర్చుని చేసే పని ఇచ్చారు. అమ్మ సాక్ష్యం చెప్పలేదు, ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. ఆ చిన్నాన్నతో మళ్ళీ మాటలు తెగిపోయాయి. ఇంట్లో కేకలు మళ్ళీ మొదలయ్యాయి. వాటికి తోడు ఇప్పుడు భయం. మాత్ర పది నిమిషాలు ఆలస్యమైతే ఇంటిల్లిపాదినీ పరుగెత్తించేవాడు. ఎవరి చావు కబురు వచ్చినా వెళ్ళేవాడు కాదు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

ఇది జరిగి అయిదేళ్ళయింది. మొన్న నేను మాత్ర, నీళ్ళు అందిస్తుంటే తనంతట తనే అన్నాడు:

“ఆ నాలుగు నెల్లూ నాకు ఏ బయమూ లేదే పాపా. ఆయిగా ఉండీవోణ్ణి. నువ్వే మళ్ళీ పట్టుకొచ్చావు.”

నిష్ఠూరంగానే అన్నాడు. ఆ నాలుగు నెలల నాన్న అంటే నాకూ ఇష్టమే. ఇప్పుడీ మంచంలో కూర్చుని గొణిగే మనిషికన్నా ఎక్కువ ఇష్టమని కూడా డైరీలో ఒకచోట రాసుకున్నాను. అది మాత్రం ఆయనకి చెప్పలేదు.

“మింగు నాన్నా” అన్నాను.