డైపర్లు ఎవరి పద్దు?

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను కాలువ నీటికి లెక్క రాశాను. నీటిపారుదల శాఖలో వర్కు ఇన్‌స్పెక్టరుగా లాకుల దగ్గర పనిచేసినవాణ్ణి. ఉదయం, సాయంత్రం గేజిరాయి మీద నీరు ఎంతవరకు వచ్చిందో చూసి పుస్తకంలో ఎక్కించడం, ఏ పిల్లకాలువకు ఏ రోజు వంతో చూసి తలుపులు ఎత్తించడం నా పని. పదవీ విరమణ తరవాత లెక్క రాయడానికి నీరు లేకపోయింది గాని, రాసే అలవాటు పోలేదు. పాలు, కరెంటు, పెట్రోలు, చర్చిలో కానుక, ప్రతిదానికీ మా ఇంట్లో ఒక పద్దు ఉంది. డైపర్లు ఏ పద్దులోకి వస్తాయన్న ప్రశ్న దగ్గర మాత్రం నా ఇన్నేళ్ళ అనుభవం కొంతకాలం తడబడింది.

మా కోడలు పురిటికి వెళ్ళి, మనవరాలికి నాలుగో నెల వచ్చాక మామిడికుదురులోని మా ఇంటికి తిరిగి వచ్చింది. మంచి వానాకాలం. అప్పటికే మా ఆవిడ నేను కట్టి విడిచిన పంచెలు చింపి, అంచులు తీసి, ఉడకబెట్టి, పొత్తిగుడ్డలుగా మడతలు పెట్టి ఉంచింది. పెద్దవాళ్ళు కట్టి మెత్తబడిన బట్ట పసిబిడ్డకు ఆయుష్షని మా వైపు నమ్మకం. నా పంచెలకు అంతటి గౌరవం దక్కుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. కాని వాన ఆ గౌరవాన్ని వారం రోజులు కూడా నిలవనియ్యలేదు. వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కట్టిన తాళ్ళ మీద గుడ్డలు వేలాడుతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆరలేదు. ఇస్త్రీపెట్టెతో ఆరబెడితే ఇల్లంతా ముక్కిన వాసన పట్టుకుంది. చివరికి కోడలు తన పర్సులోంచి డబ్బు తీసి, బిడియపడుతూ నా చేతిలో పెట్టింది.

"మావయ్యగారండీ, వానలు తగ్గేదాకా డైపర్లు తెస్తారాండి?"

తెచ్చాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి దుకాణంలో నిలబడి ప్యాకెట్టు మీద రాసింది చదివితే ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, మొన్నటి ప్యాకెట్టులో ఇంతకంటే రెండు ఎక్కువ ఉన్నాయి. ధర మాత్రం అదే ఉందేం?"

"ఆయ్, కంపెనీవోళ్ళు అలాగే చేత్తారండి ఇన్‌స్పెక్టరు గారూ. బిస్కట్లూ అంతేనండి, సబ్బులూ అంతేనండి. పిల్లలేమో తగ్గించి పొయ్యరు కదండీ, అదండీ వాళ్ళ ధైర్యం!"

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తూము గుండా వదిలే నీరు తగ్గించి, నీటితీరువా మాత్రం పూర్తిగా వసూలు చేసి ఉంటే రైతులు మమ్మల్ని లాకుల మీద నుంచి కాలువలోకి తోసేవారు. పసిపిల్లల తల్లులకు ఆ అవకాశం లేదు. ఆ మాట ఇంటికి వచ్చేవరకు నాలో నేనే అనుకుంటూ వచ్చాను.

మా కోడలు రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పురిటి సెలవుకు జీతం లేదు కనుక వచ్చిన వారానికే తిరిగి చేరింది. మా అబ్బాయి ముమ్మిడివరంలో రొయ్యల మేత అమ్మే కొట్లో పని చేస్తాడు. వాడు పొద్దున్నే బండి మీద వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు. ఇంట్లో మిగిలేది మేము ఇద్దరం, పసిపిల్ల.

ఒక సాయంత్రం కోడలు బల్ల దగ్గర కూర్చుని, పాత ప్రశ్నపత్రం వెనకవైపు ఏదో లెక్క వేసింది. మా ఆవిడ ఎదురుగా ములక్కాడలు విరుస్తోంది. నేను వసారాలో ఉన్నాను. మాటలు స్పష్టంగా వినిపించాయి.

"అత్తయ్యగారండీ, నెలాఖరుకి ఉద్యోగం మానేద్దామనుకుంటన్నానండి. ఆటోకి పోనూ, డబ్బా పాలకి పోనూ, ఈ డైపర్లకి పోనూ, ఇదిగోండి, మిగిలింది చూడండి. దీనికోసం పిల్లని ఒదిలేసి ఎళ్ళడం దేనికండీ?"

"నీ స్కూలు పిల్లలో?"

కోడలు కాగితాన్ని చిన్నగా మడతపెట్టింది.

ఆ ప్రశ్న ఎంత బరువైనదో నాకు తెలుసు. ఆ అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. ఉయ్యాల ఊపుతూ త్రిభుజాల సిద్ధాంతాలు చెప్పుకుంటుంది. జోలపాట రాక కాదు, అవి ఆమెకు పాట కంటే ముందు నోట్లోకి వస్తాయి. రెండు త్రిభుజాలు సర్వసమానమని తేలేలోపే మా మనవరాలు నిద్రపోతుంది.

కాగితం అడిగి తీసుకుని నేను కూడా లెక్క కట్టాను. తప్పేమీ దొరకలేదు. అన్నిటికంటే పెద్ద అంకె డైపర్లదే. ఖర్చు ఎక్కువైనప్పుడు వాడకం తగ్గించాలన్నది నాకు తెలిసిన మొదటి సూత్రం. డైపర్లు తగ్గితే ఉద్యోగం నిలుస్తుందనుకుని, మర్నాడే పని మొదలుపెట్టాను.

పూర్వం మా ఇళ్ళలో పసిపిల్లలను కాళ్ళమీద కూర్చోబెట్టేవారు. పెద్దవాళ్ళు కింద కూర్చుని కాళ్ళు చాపి, పాదాల మీద బిడ్డను ఆనించి, నోటితో ఉస్సుమని చప్పుడు చేస్తే, బిడ్డ ఆ చప్పుడుకు అలవాటుపడి పని కానిచ్చేది. మా ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయి కింద కూర్చోలేదు. కనుక ఆ బాధ్యత నాకు సంక్రమించింది. పిల్ల పాలు తాగిన వేళ, తడిపిన వేళ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎగువన వదిలిన నీరు దిగువకు ఎంతసేపట్లో చేరుతుందో అంచనా కట్టగలిగినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను.

మొదటిరోజు వేళకు పెరటి గట్టు మీద కూర్చుని ఉస్సుమన్నాను. పిల్ల నా మొహంలోకి చూసి బోసినోటితో నవ్వింది. ఎంత ఉస్సుమన్నా నవ్వడమే. సరే, ఇక రాదని ఎత్తి భుజాన వేసుకున్న క్షణంలో నా చొక్కా, పంచె తడిసి ముద్దయ్యాయి.

కుర్చీలోంచి మా ఆవిడ పడీపడీ నవ్వింది. "లాకు తలుపు ఎత్తినట్టు కాదండీ! మడమలు దగ్గిరగా పెట్టండి. అలా గుడ్లు ఉరిమి చూడకండి, పిల్ల గేజిరాయనుకున్నారేంటి? మొహం అటు తిప్పుకోండి, దానికి సిగ్గుండదేంటి?"

మొహం కొబ్బరిచెట్ల వైపు తిప్పుకున్నాను. రెండు మూడు రోజులు అలాగే తడిశాను. ఒక ఉదయం పెరట్లోకి చూస్తూ ఉస్సుమంటూ ఉంటే, నా పాదాల మధ్య నుంచి సన్నని చప్పుడు వినిపించింది. ఉద్యోగంలో వరద తీసిన రోజున కూడా నేను అంత సంతోషించి ఉండను. "వచ్చింది, వచ్చింది!" అని అరిచాను. మా ఆవిడ చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసింది. ఏం అర్థమయిందో గాని, పిల్ల కూడా మా ఇద్దర్నీ చూసి కాళ్ళు ఆడించింది.

ఆ నెల చివరికి డైపర్లు రాత్రిపూటకు, చర్చికి వెళ్ళే వేళకు మాత్రమే మిగిలాయి. ఖర్చు సగానికి సగం పడిపోయింది. శుభ్రంగా రాసిన లెక్క తీసుకెళ్ళి కోడలి ముందు పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను. చూసి, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"మీరు పొద్దస్తమానం కింద కూచుని పిల్ల చేత ఉచ్చ పోయిస్తున్నారండి. ఈ వయసులో ఇదంతా నా ఉద్యోగం కోసమేనా అండి? నేనింట్లో ఉంటే మీకీ బాధ ఉండదు కదండీ. మానేస్తానండి మావయ్యగారూ, ఇంక ఆలోచించనండి."

నేను నిర్ఘాంతపోయాను. ఖర్చు తగ్గిస్తే ఉద్యోగం నిలుస్తుందనుకున్నాను. తగ్గిన ఖర్చు స్థానంలో నా శ్రమను తెచ్చి ఆ అమ్మాయి తన ఖాతాలోనే రాసుకుంది. ఏది ఎంత తగ్గించినా, తగ్గించిన పుణ్యం ఇంటికి, మిగిలిన భారం ఆమెకు. అప్పుడు మళ్ళీ ఆ ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాను. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు వాటిలో లేదు. తప్పు పద్దులో ఉంది. బిడ్డ ఖర్చు అంతా తల్లి జీతం కింద రాసి ఉంది. నా పుస్తకం తెరిచి చూసుకుంటే, నేనూ అలాగే రాశాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనాలయ్యాక అబ్బాయిని కూర్చోమన్నాను.

"నీ బండి పెట్రోలు ఏ పద్దులో రాస్తున్నాను?"

"ఇంటిఖర్చులో కదా నాన్నా."

"అమ్మాయి ఆటో?"

"తన జీతంలోంచి ఇచ్చుకుంటంది కదా."

"పెట్రోలు తీసేస్తే నీకు ఎంత మిగులుతుందో ఎప్పుడైనా కాగితం మీద వేశావా? గిట్టదు, మానేస్తానని ఎప్పుడైనా అన్నావా?"

"నేను మానేస్తే ఇల్లెలా నడుస్తుంది నాన్నా?" అని నవ్వబోయాడు.

మా ఆవిడ అందుకుంది. "ముక్కు మాదే, నుదురు మాదే అని ఊరంతా చెప్పుకుంటారు తండ్రీకొడుకులిద్దరూ. పిర్రలొక్కటే వాళ్ళమ్మవా ఏంటి?"

కోడలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అబ్బాయి మాత్రం తల వంచుకున్నాడు.

నేను చెప్పవలసింది చెప్పాను. కాలువలో పూడిక తీయించిన ఖర్చంతా కాలువ చివరనున్న శివారు రైతు ఒక్కడి మీద వేసి, నీకు వ్యవసాయం గిట్టదు మానుకో అని మా శాఖలో ఎవరైనా రాసి ఉంటే, పైఅధికారి ఆ కాగితం వాడి మొహాన కొట్టేవాడు. నీరు అందరి చేలకూ పారింది. పూడిక అందరిదీ. ఈ బిడ్డ నవ్వితే నలుగురం పంచుకుంటున్నాం. అందుచేత డైపర్లు, డబ్బా పాలు ఇక వంతులవారీ. ఒక నెల నా పింఛను, ఒక నెల అబ్బాయి జీతం. ఆటో ఇంటిఖర్చు.

"ఆయ్, నా వంతు కూడా ఉంచండి మావయ్యగారూ," అంది కోడలు. "లేపోతే పిల్ల నాది కానట్టుంటదండి."

"ఉంచుతాను. అయితే ఒక షరతు. నా కాళ్ళ లెక్క నీ ఖాతాలో రాయకు."

"మీకు కష్టం కదండీ..."

"అమ్మా, అన్నేళ్ళు నీటికి కాపలా కాశాను. ఆ నీరు ఒక్కరోజు కూడా నన్ను చూసి నవ్వలేదు. ఇది నవ్వుతుంది. ఈ ఉద్యోగంలోంచి నన్ను తీసెయ్యకు."

సోమవారం ఉదయం ఆమె జడ వేసుకుని, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని రాజోలు ఆటో ఎక్కింది. అబ్బాయి బండి తీసేముందు, ఎవరూ చెప్పకుండానే, రాత్రి గుడ్డలు తాడు మీద ఆరేసి వెళ్ళాడు. వంకరగా ఆరేశాడు. మా ఆవిడ సరిచేసింది.

మూడో నెల కోడలి వంతు వచ్చింది. ఆ సాయంత్రం నేను పిల్లను కాళ్ళమీద పెట్టుకుని, మొహం కొబ్బరిచెట్ల వైపు తిప్పుకుని కూర్చున్నాను. గేటు చప్పుడయింది. ఆమె చెప్పులైనా విప్పకుండా ప్యాకెట్టు పైకెత్తి చూపించింది. మొహం ఎర్రగా ఉంది.

"మావయ్యగారండీ, చూసేరా? మళ్ళీ ఇంకోటి తగ్గించేరండి! ధర అదేనండి!"

"దుకాణదారుణ్ణి అడిగావా?"

"అడక్కేంటండీ! పిల్లలు తగ్గించి పొయ్యరు కదండీ అంటన్నాడండి. రేపు ఎనిమిదో తరగతికి ఇదే లెక్క ఇస్తానండి. ధర మార్చకుండా లోపలివి తగ్గిస్తే ఒక్కోదాని మీద ఎంత పెంచినట్టో పిల్లల చేతే కట్టిస్తాను."

నాకు కంపెనీ మీద కోపం తారస్థాయికి చేరవలసిన సమయం అది. కాని ఆమె "రేపు" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఈలోగా ఉస్సుమనడం మరిచిపోయాను. పిల్ల నా కోసం ఆగలేదు.