కరకట్ట మీద నిద్ర వంతులు

నా చిన్నప్పుడు కృష్ణకు వరద వచ్చిందంటే మా ఊళ్ళో మగవాళ్ళకు నిద్రపోవడం పరువు తక్కువ పని. మాది దివిసీమలో కరకట్టను ఆనుకుని ఉన్న పల్లె. ఏరు అటు, మేము ఇటు, మధ్యలో ఆ మట్టికట్ట ఒక్కటే. అది తెగిందా, ఇళ్ళూ గొడ్డూ గోదా అన్నీ ఏటిపాలే. అందుకని నీళ్ళు కట్ట సగానికి వచ్చాయనగానే మీసం మొలిచిన ప్రతివాడూ లాంతరు పుచ్చుకుని కట్టెక్కేవాడు. ఆ రాత్రి ఇంట్లో పడుకున్నవాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపించి చంపేవాళ్ళు.

ఆ ఏడు వరద వచ్చేసరికి మా మేనత్త మా ఇంట్లో ఉంది. నాన్నకు చెల్లెలు. చిన్న వయసులోనే మావయ్య పోతే, నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నా లెక్కచెయ్యకుండా నర్సు పని నేర్చుకుని బందరులో ఆసుపత్రిలో చేరింది. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. మోపిదేవిలో మొక్కు తీర్చుకుని, పనిలో పనిగా నాయనమ్మను చూసి పోదామని వచ్చింది. వానలకు బస్సులు ఆగిపోయి మా ఇంట్లో చిక్కుపడిపోయింది.

బెజవాడ దగ్గర నీళ్ళు విరగబడి వస్తున్నాయని కబురు తెలిసిన రోజు ఊరంతా ఉరుకులు పరుగులు. నాన్న ఊరికి పెద్ద. కట్ట కాపలాకి కావలసిన లాంతర్లు, కిరసనాయిలు డబ్బాలు, గోనెసంచులు మా వసారాలోనే ఉండేవి. అందరూ తలో చెయ్యీ వేస్తుంటే మా అత్త మాత్రం మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, లోపలి గదిలో చాప పరుచుకుని, వెలుతురు పడకుండా కళ్ళ మీద గుడ్డ కప్పుకుని పడుకుంది. గుర్రు కూడా పెట్టింది! నాయనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఊరు మునిగిపోతుంటే దీనికి నిద్రెలా పడుతోందే తల్లీ" అని వీధిలోకి వినపడేట్టు అంది. కిటికీలోంచి నా స్నేహితురాళ్ళు చూసి కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మొదటి రాత్రి కట్ట మీద తిరనాళ్ళే. ఆడవాళ్ళు గుండిగలతో అన్నం, పప్పుచారు మోసుకెళ్ళారు. మగవాళ్ళు సుష్టుగా తిని, అందరూ ఒక్కసారే మట్టి తవ్వి, అందరూ ఒక్కసారే సంచులు మోసి, పోటీలు పడి, కేకలు పెట్టుకుని అర్ధరాత్రికల్లా పని చేసేశారు. ఆ తర్వాత వరసగా కూర్చుని చుట్టలు కాల్చుకుంటూ పాత వరదల కబుర్లు మొదలుపెట్టారు. అప్పటికి నిద్ర లేచి కట్ట పొడుగునా నడిచొచ్చిన అత్త, మా అమ్మతో నెమ్మదిగా అంది: "రేపటి ఓపిక కూడా ఇవాళే తగలేసుకుంటున్నారు వదినా. నీళ్ళింకా రావలసినవి రానేలేదు."

ఇలాంటివి నాన్నకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది కనుక!

మా కట్టకు అసలు భయం నీళ్ళు పొంగి పైకి రావడం కాదు. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్విన బొరియల్లోంచి ఏటినీరు దారి చేసుకుని ఇటు పొలం వైపు ఊరుతుంది. దాన్ని బుంగ అంటాం. మొదట చిన్న ఊటలాగే ఉంటుంది. ఆ నీరు తేటగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. మట్టిరంగు తిరిగిందంటే లోపల కట్ట కరిగిపోతోందన్నమాట. దాన్ని కనిపెట్టాలంటే కళ్ళు కావాలి, ఆ వెంటనే పూడ్చాలంటే రెక్కల్లో సత్తువ కావాలి. రెండో రాత్రికి మావాళ్ళ దగ్గర ఆ రెండూ లేవు. ఎక్కడివాళ్ళక్కడే సంచులకు చేరగిలబడి కునికిపాట్లు. నాన్న మాత్రం కూర్చోకుండా తిరుగుతూనే ఉన్నాడు. తెల్లవారబోతుండగా నిలబడే తూగి ఏటివైపు ఒరిగిపోయాడట. పక్కింటి మావయ్య చొక్కా పట్టుకుని లాగబట్టి సరిపోయింది. ఆ సంగతి తెలిసి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పొద్దున్నే అత్త నాన్నకు ఎదురెళ్ళి నిలబడింది.

"సగంమందిని పడుకోబెట్టు అన్నయ్యా. ముందు నువ్వు పడుకో."

"నేను పడుకుంటే ఊరంతా పడుకుంటుందే. నీకేం తెలుసు?"

"నువ్వు పడుకోకపోయినా పడుకుంటోంది. నిలబడి పడుకుంటోంది."

నాన్న ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ వంక చూసి, చెంబెడు మజ్జిగ గడగడా తాగి మళ్ళీ కట్ట మీదికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రికి నీళ్ళు ఇంకా పెరుగుతాయని కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం అత్త నన్ను వెంటబెట్టుకుని వసారాలోకి వెళ్ళింది. కిరసనాయిలు డబ్బాలు సగం తీసి వంటింటి వెనక పిడకల గూట్లో పెట్టి పైన పిడకలు పేర్చింది. "నోరు మెదిపావో, చెవి మెలిపెడతాను" అంది. నవ్వలేదు.

చీకటి పడేవేళ నాన్న సగం డబ్బాలే ఉండటం చూసి ఇంటి కప్పు లేచిపోయేట్టు అరిచాడు. అత్త మాత్రం నింపాదిగా, "ఉన్నది సగం లాంతర్లకే చాలుతుంది. వెలుగు లేకుండా కట్టెక్కితే కాలు జారి ఏట్లో పడతారు. ఇప్పుడు సగంమంది వెళ్ళండి. మిగతావాళ్ళు ఇక్కడే ఉండి, వాళ్ళు దిగొచ్చాక ఆ లాంతర్లే పుచ్చుకుని వెళ్ళండి" అంది. ఇక మగవాళ్ళ పరువుకొచ్చిన లోటేమీ లేదు కదా, తప్పంతా కిరసనాయిలుదే. ఒక్కొక్కడూ సణుగుతూనే మా వసారాలో చాపలు లాక్కున్నాడు. నాన్న అరుగు మీద గోడకు ఆనుకుని, "నాకు నిద్ర పట్టదు, ఊరికే కూర్చుంటాను" అన్నాడు. ఆ మాట పూర్తవకుండానే మెడ వాలిపోయింది.

మొదటి జట్టుకు అత్త చెప్పి పంపింది: బరువు పనులన్నీ ముందే చేసేయండి, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా నడవండి, ఎవరూ కూర్చోవద్దు. అన్నం గుండిగలు ఆపించేసి, అటుకులూ బెల్లమూ కొంచెం కొంచెంగా పంపించింది. కడుపునిండా తింటే కళ్ళు నిలవవని అమ్మకు చెప్పింది.

ఆ రాత్రి నేను పడుకున్నానా, లేదా? ఏమో. ఏటి హోరు ఇంటి గోడలోంచి వస్తున్నట్టుంది. ఇంకా జాము రాత్రి ఉందనగా మొదటి జట్టు దిగొచ్చింది. అత్త నాన్నను తట్టి లేపి, మొహం మీద చన్నీళ్ళు కొట్టి, చేతికి లాంతరు ఇచ్చింది. కాసేపటికే కట్ట మీంచి కేక వినపడింది. నాన్న గొంతే. "బుంగ! మట్టినీళ్ళు!"

నాయనమ్మ నన్ను అటక మీదికి ఎక్కమంది. అమ్మ మా చంటి తమ్ముణ్ణి చంకనేసుకుంది. అవతల సంచులు పడుతున్న చప్పుడు, పారల చప్పుడు, నాన్న పేరు పేరునా పిలుస్తున్న పిలుపులు. అత్త గుమ్మం పట్టుకుని ఆ చప్పుళ్ళే వింటూ నిలబడింది. ఒకసారి అన్నీ ఆగిపోయాయి. నాన్న గొంతు కూడా. దేవుడా, అంత భయం నేను మళ్ళీ ఎరగను. అత్త చెయ్యి పట్టుకుంటే అది మంచులా ఉంది. ఆవిడకూ భయమేనని నాకు అప్పుడే తెలిసింది.

తెల్లారాక నాన్న వచ్చాడు, తల నుంచి కాళ్ళదాకా బురదే. బుంగ చుట్టూ సంచులు పేర్చి గడ్డీ మట్టీ కూరారట. నీళ్ళు తేటపడి ఆగిపోయాయట. నాన్న పెరట్లోకి వెళ్ళి, అమ్మ పొయ్యిలోకి పిడకలు లాగుతున్న గూటి దగ్గర ఆగిపోయాడు. డబ్బాలు కనిపించాయి. ఇక అత్త పని అయిపోయిందనుకున్నాను. నాన్న అత్త దగ్గరికొచ్చి, బురద చెయ్యి ఆవిడ తల మీద పెట్టి, "ఇక నువ్వెళ్ళి పడుకోవే" అన్నాడు. ఆ గొంతులో అంత మెత్తదనం మేమెవరమూ అంతకుముందు వినలేదు.

చాలా ఏళ్ళ తర్వాత మా ఆయనకు ఒంట్లో బాగాలేక బందరు ఆసుపత్రిలో చేర్చాం. బంధువులంతా వచ్చి ఆ రాత్రి మంచం చుట్టూ మేలుకుని కూర్చున్నారు. నేను మాత్రం మా అబ్బాయిని కాపలా పెట్టి వరండాలో కొంగు పరుచుకుని నిద్రపోయాను. మా ఆడపడుచు మొహం మాడ్చుకుంది. అననిమ్మని ఊరుకున్నాను. వచ్చినవాళ్ళంతా అలిసిపోయి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక, ఒక తెల్లవారుజామున ఆయన కళ్ళు తెరిచి, గొంతు పెగలక పెదవులు మాత్రం కదిపారు. పక్కనే నేను మేలుకునే ఉన్నాను, మంచినీళ్ళ గ్లాసుతో.