పొది వెనక్కి కట్టిన రోజు

అవి నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాని రోజులు. ఎవరితో మాట్లాడుతున్నా ఎడమచేతి చిటికెన వేలిని, దాని పక్క వేలిని గిల్లుకుంటూ ఉండేవాణ్ణి. ఎంత గిల్లినా అవి నా వేళ్లు కావన్నట్టు ఉండేవి. పొద్దున్నే మా ఊరి నుంచి తిరుచానూరు దాకా తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ తొక్కి దిగేసరికి ఆ రెండూ మొద్దుబారి, మణికట్టు దాకా జివ్వున లాగేది.

తిరుచానూరులో లాడ్జీల సందులో నాకూ మా తమ్ముడికీ మంగలి అంగడి ఉంది. పసిబిడ్డల పుట్టువెంట్రుకలు మా దగ్గర తీయించేవాళ్లు ఎక్కువ. ఆ పనిలో అందరూ కుడిచేతి కత్తినే చూస్తారు. అసలు పని ఎడమచేతిది. తల పట్టుకున్న ఆ చేతి చిటికెన వేలు నడినెత్తిన ఆనించి ఉంచాలి. మాడు ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ కొట్టుకుంటోందో ఆ వేలే చెబుతుంది. అక్కడ కత్తి తేలిగ్గా పోవాలి. నాయన నాకు మొట్టమొదట నేర్పింది ఇదే.

ఆ వేలికే ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. ఒకరోజు ఓ పసిదాని నడినెత్తిన చుక్కంత రక్తం కనిపించింది. తల్లి "ఏం కాదులేన్నా" అని పసుపు అద్దింది. నాకు మాత్రం అన్నం దిగలేదు. ముప్ఫై ఏళ్లలో అలాంటిది ఎరగను.

సరిగ్గా అప్పుడే కూతురు ఫోన్ చేసింది. వచ్చే నెల మనవడికి పదకొండో నెల, పుట్టువెంట్రుకలు తీయాలి. "నువ్వే తీయాల నాయనా, ఇంకెవురి చేతా తీయించను" అంది.

"సూద్దాంలేమ్మా" అన్నాను.

తాత మంగలి అయ్యుండి సూద్దాం అంటాడా? దానికి కోపం వచ్చి ఫోన్ పెట్టేసింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

హ్యాండిల్ పిడికి తువ్వాలు చుట్టాను. పూయని నూనె లేదు. దారిలో మూడుచోట్ల దిగి చెయ్యి విదిలించుకుని మళ్లీ ఎక్కేవాణ్ణి. చివరికి బ్రేకు రబ్బర్లు మార్పించడానికి వెళ్లినప్పుడు సైకిల్ షాపు భాయితో చెప్పాను. ఒకసారి తొక్కి చూపించమన్నాడు. పది గజాలు పోయి తిరిగొచ్చేసరికి నవ్వుతున్నాడు.

"సీటు ముక్కు కిందికి వంగుండాది. నువ్వు సీటు మీద యాడ కూర్చుండావప్పా? చేతుల మీద కూర్చోని తొక్కతా ఉండావు. మోచేతులు కట్టెల మాదిరి బిగబట్టినావు. పైగా హ్యాండిల్‌కు ఎడంపక్క ఆ సంచొకటి. అది లాగతా ఉంటే ఆ చెయ్యి గట్టిగా పట్టుకోక ఏం జేస్తాది? తీసి ఎనక క్యారియర్ మీద కట్టు."

ఆ సంచి నా పొది. కత్తులు, కత్తెరలు, గిన్నె, నాయన వాడిన నూరుడు రాయి అన్నీ అందులోనే. ఇప్పుడు వాడేది బ్లేడు మార్చుకునే కత్తులే అయినా ఆ రాయి తీయలేదు. ఆయుధపూజ రోజు బొట్టు పెట్టి మొక్కే పొదిని ఏనాడూ వెనక పెట్టలేదు. చిన్నప్పుడు ఒకసారి పెడితే నాయన మొట్టికాయ వేశాడు. "అన్నం పెట్టేదానికి ముడ్డి సూపిస్తావంట్రా?" అన్నాడు.

ఇదంతా చెప్పాక భాయి నవ్వు ఆపేశాడు. సీటు సమంగా బిగించి, పానా తుడుచుకుంటూ అన్నాడు: "మా నాయన గూడా పానాకు కాలు తగలనిచ్చేటోడు కాదు. మర్యాద ఉండాల్సిందే. అయితే కత్తులు ఎన్నైనా కొనుక్కోవచ్చు. ఆ ఏలు యాడ కొంటావప్పా?"

నాకు ఒళ్లు మండింది. పొదిని మళ్లీ హ్యాండిల్‌కే తగిలించుకుని వచ్చేశాను. రెండు రోజులు మొండిగా అలాగే తొక్కాను. మూడో రోజు దారి మధ్యలో వేళ్లు మళ్లీ చచ్చుబడ్డాయి. దిగి, నాయన్నీ నన్నూ కలిపి తిట్టుకుని, క్యారియర్ మీద తువ్వాలు పరిచి, పొదికి దండం పెట్టి కట్టేశాను. ఎక్కాక వెనక్కి చూడటమే పని. ఎదురుగా వస్తున్న ఆటోను గుద్దుకోబోయాను.

"ముందు సూసి తొక్కు సామీ!" అని ఆటో అతను అరిచాడు.

మోచేతులు కాస్త వంచి, మణికట్టు తిన్నగా ఉంచి, పట్టు వదులు చేసి తొక్కడం అలవాటు చేసుకున్నాను. పది రోజులకు చిటికెన వేలిలో చీమలు పాకినట్టయింది. అది చాలో చాలదో తెలియదు.

పుట్టువెంట్రుకల రోజు మనవడు మేనమామ ఒడిలో, అంటే నా కొడుకు ఒడిలో, గింజుకుంటున్నాడు. వేలికి తెలియకపోతే కత్తి ఇచ్చేద్దామని తమ్ముణ్ణి పక్కనే నిలబెట్టుకున్నాను. వాడికీ కారణం చెప్పలేదు. కూతురు నా చేతులే చూస్తోంది. తల తడిపి వేలు ఆనించాను. ఏమీ లేదు. వేలు కొంచెం ముందుకు జరిపాను. మెత్తగా తగిలింది. కింద మాడు టపటపా కొట్టుకుంటోంది.

"ఏం నాయనా, నీళ్లు నీ కంట్లోకి గూడా చిమ్మినాడా?" అంది కూతురు.

అవునన్నాను. కత్తి అందుకున్నాను.