పరక కసువు, దాని చెల్లెలు

నా చిన్నప్పుడు మా ఊరి తిప్ప మీద ఒకేలా కనిపించే రెండు రకాల కసువు పెరిగేది. రెండూ నడుము దాకా లేచేవి. ఎండితే రెండూ ఒకే తేనె రంగుకు తిరిగేవి. రెండింటి గింజకూ మూడేసి మీసాలుండేవి, అవి పావడా అంచుకు గుచ్చుకుని మాతో పాటు ఇంటి దాకా వచ్చేవి. ఒకటి పరకకు పనికొస్తుంది, ఇంకొకటి రాదు. మావైపు కసువు అంటే గడ్డి, పరక అంటే చీపురు. పనికిరాని దాన్ని పెద్దవాళ్ళు ‘చెల్లెలు’ అనేవాళ్ళు. అక్కనూ చెల్లెలినీ విడదీయడం నాకప్పుడు చేతకాలేదు. ఉద్యోగం ముగిసి ఇన్నేళ్ళయింది, బీరువా నిండా డైరీలున్నాయి, అయినా ఈ రోజుకీ పూర్తిగా చేతనవుతుందని చెప్పలేను. అది తలచుకుంటే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

మా పక్కింటి అవ్వకు ఆ కసువే ఆధారం. పొలం లేదు, కొడుకులు లేరు. జొన్న కోతలకు ముందు ఊళ్ళో ఏడెనిమిది కల్లాలకు ఆమే పరకలు కట్టి ఇచ్చేది. కల్లం పేడతో అలికే రోజుకు కొత్త పరకలు అక్కడ ఉండాలి. జొన్నలు రాశి పోసిన రోజు ఆ ఇంటివాళ్ళు తమ చాట నింపి ఆమెకు పంపాలి. ఇది మా ఊరి పాత కట్టుబాటు. పరకలు వేళకు అందకపోతే ఆ ఏటికి ఆ ఇంటి చాట లేనట్టే. ఏడాది పొడుగునా అవ్వ పొయ్యి మీద సంగటి ఉడికేది ఆ చాటల జొన్నలతోనే.

నేను అప్పుడు ఆరో తరగతి. ఏదైనా గీత గీసి, వరుసగా రాసుకుంటే తప్ప నిద్ర పట్టని పిల్లను. లెక్కల నోటు వెనక పేజీలో ఒక పక్క అక్క, ఒక పక్క చెల్లెలు అని రాసి, ఎన్ని జానల పొడవు, ఆకు ఎంత వెడల్పు, మీసం ఎంత ఉంది అని కొలిచి పెట్టుకున్నాను. ఒక పొద దగ్గర సరిపోయిన కొలత పక్క పొద దగ్గర తప్పేది. కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. తేడా ఏమిటో చెప్పమని అవ్వను ఎన్నిసార్లు అడిగానో!

“పట్టుకోని సూడల్ల పాపా” అనేది.

“పట్టుకుంటే ఏం తెలుస్తాదవ్వా?”

“తెలుస్తాదిలే.”

అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు. తనకు తెలిసింది కావాలనే దాస్తోందని నాకు లోలోపల కోపంగా ఉండేది.

ఆ ఏడు అవ్వ కాలికి ముల్లు దిగి పాదం వాచింది. ఊళ్ళో అందరికంటే పెద్ద కల్లం మా వీధి చివరి ఇంటివాళ్ళది. దాన్ని నాలుగు రోజుల్లో అలుకుతారని కబురు వచ్చింది. అవ్వ తిప్ప ఎక్కే స్థితిలో లేదు. నేను కోసుకొస్తానన్నాను. అవ్వ నా ముఖంలోకి చూసి, “నీకు గుర్తు తెలుస్తాదా?” అంది. నా పుస్తకంలో అంతా రాసి ఉందన్నాను. “పుస్తకం కోస్తాదా కసువు?” అని ఎగతాళి చేసింది. కానీ వేరే దారి లేక కొడవలి చేతికిచ్చింది.

రెండు రోజులు బడి మాని, పుస్తకం ప్రకారం ఏరి ఏరి కోసి, రెండు మోపులు నెత్తిన మోసుకొచ్చాను. అవ్వ అరుగు మీద కూర్చునే ఒక గుప్పెడు లాగి, పిడికిట్లోంచి ఒకసారి జార్చింది.

“ఏమ్మే, ఇదంతా చెల్లెలే గదా. అక్క యాడ?”

నేను ఒప్పుకోలేదు. పుస్తకం తెరిచి కొలతలు చదివి వినిపించాను. అవ్వ వాదించలేదు. నేను తెచ్చిన దాంట్లోంచే కొంత తీసి, నారతో బిగించి, ఒక పరక కట్టి నా చేతికిచ్చి తన వాకిలి ఊడ్చమంది.

నాలుగు ఊడ్పులు బాగానే సాగాయి. ఆ తర్వాత పుల్లలు తుంపులు తుంపులుగా విరిగి రాలడం మొదలైంది. ఊడ్చిన చోటికి వెనక్కి వస్తే మళ్ళీ చెత్త. దాన్ని ఊడిస్తే ఇంకాస్త చెత్త. “ఆడ మిగిలిపోయింది సూడు, ఈడ గూడా” అని అవ్వ అరుగు మీద నుంచి చూపిస్తూనే ఉంది. నీళ్ళ బిందెతో పోతున్న ఒకావిడ ఆగి, “ఏం పాపా, వాకిలి ఊడుస్తాండావా, గడ్డివామి పీకి పరుస్తాండావా?” అని పకపకా నవ్వింది. పరక విసిరికొట్టి ఏడ్చేశాను. అవ్వ ఓదార్చలేదు. రాలినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేత్తో ఏరమంది.

ఏరుతుంటే తెలిసింది. ప్రతి తుంపూ కణుపు దగ్గరే విరిగింది. ఆ కణుపు మీద కంటికి ఆనని చిన్న గరుకు ఉంది, వేలికి తగులుతోంది. అవ్వ పాత పరకలోంచి ఒక పుల్ల లాగి జార్చి చూశాను. ఎక్కడా తగలకుండా నూనె రాసినట్టు జారిపోయింది. నా పుస్తకంలో కంటికి కనిపించినవన్నీ ఉన్నాయి, ఇది మాత్రం లేదు.

“ముందే చెప్పుండొచ్చు గదా అవ్వా!” అని అరిచాను.

“చెప్తి గదమ్మే, పట్టుకోని సూడమని.”

నిజమే, చెప్పింది. అందుకే ఇంకా మండింది.

మరునాడు పొద్దున అవ్వ కుంటుకుంటూ తిప్ప కిందికి వచ్చి బండ మీద కూర్చుంది. నేను గుప్పెడు గుప్పెడు కోసి తెచ్చి చూపించాను. అందులో సగం తీసి పక్కన పారేసింది. వేలికి తెలిసింది అనుకున్నది మంచు తడికి తెలియకుండా పోయేది, ఎండ ఎక్కాక మళ్ళీ తెలిసేది. రెండు రోజులు తంటాలు పడితే నాలుగు పరకలయ్యాయి.

వాటిని తీసుకుని ఇద్దరం వెళ్ళేసరికి కల్లం అలికేశారు. సంతలో తెచ్చిన పరకలతో పనివాళ్ళు ఊడుస్తున్నారు. ఆ ఇంటి ఇల్లాలు మంచిగానే, “శానా ఆలస్యమాయె గదవ్వా, యాడ సూసుకుంటా కూకుందుము? వచ్చే ఏడు సూద్దాంలే” అంది. “సరేలేమ్మా” అంది అవ్వ. నా మాట ఎత్తలేదు. తప్పు నాదేనని చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. అందరి చాటల్లోకీ పెద్ద చాట ఆ ఇంటిదే. ఆ ఎండాకాలం అవ్వ రెండు పూటల సంగటిని ఒక పూటకు తగ్గించుకుంది. మా అమ్మ గిన్నెలో పంపితే, తిన్నానని చెప్పి తిప్పి పంపేది.

ఇప్పుడు కర్నూలు పక్కన కల్లూరులో ఉంటున్నాను. కొత్త ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాల్లో వాన పడితే ఏవేవో కసువులు లేస్తాయి. తెచ్చి డైరీలో అంటించి, పక్కన తేదీ, చోటు రాస్తాను. మా మనవరాలు మొక్కకు ఫోను చూపించి ఒక్క క్షణంలో పేరు చెబుతుంది. అదే మొక్కను ఇంకో పక్క నుంచి ఫొటో తీస్తే వేరే పేరు వస్తుంది. “ఏదో ఒకటి రాసేయి నానమ్మా, ఎవరు సూస్తారు?” అంటుంది. దాని మీద విసుగు, ఫోను మీద విసుగు, ఇన్ని పేజీలు నింపీ తేల్చుకోలేని నా మీద అంతకంటే విసుగు. రోజుల తరబడి ఆ పుల్లను వేళ్ళ మధ్య జారుస్తూ కూర్చుంటాను. ఇదేలే అనిపించి పేరు రాయబోతాను. అలికిన కల్లం అంచున, నాలుగు పరకలు చంకన పెట్టుకుని, “సరేలేమ్మా” అని వెనక్కి తిరిగిన అవ్వ కనిపిస్తుంది. కలానికి మూత పెట్టేస్తాను.